సంపులో మురుగు కలిసింది, బ్లీచింగ్ ఎంత వేయాలి? పైపులు పాడవుతాయని భయంగా ఉంది

నిజాంపేట_మాధవి
మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, 20 ఫ్లాట్లు, కట్టి పదమూడేళ్లయింది. పోయిన వారం వానలకి సంపులోకి మురుగు నీళ్లు వచ్చేశాయి. మొదట మూడో అంతస్తు వాళ్ల పాపకి విరేచనాలు, తర్వాత మా అత్తగారికి, ఆదివారానికల్లా ఎనిమిది ఇళ్లల్లో ఎవరో ఒకరు మంచం పట్టారు. అప్పుడు గానీ సంపు మూత తీసి చూడలేదు. ఇప్పుడు ట్యాంకర్ నీళ్లు బకెట్లతో మోసుకుంటున్నాం, తాగడానికి క్యాన్లు.

సంపు 20 వేల లీటర్లు, టెర్రస్ మీద 5 వేల లీటర్ల ట్యాంకులు రెండు. మా సెక్రటరీ గారు 25 కిలోల బ్లీచింగ్ బస్తా తెప్పించారు. మొత్తం సంపులో పోసి రెండు రాత్రులు ఉంచుదాం అంటున్నారు. ఆయన ఆత్రం నాకు అర్థమవుతోంది, ఆయన మనవడు కూడా జ్వరంతో ఉన్నాడు. కానీ నాలుగేళ్ల కిందట ఇలాగే లెక్కా పత్రం లేకుండా పోశారు. పదిహేను రోజులు తిరక్కుండానే ఏడు ఇళ్లల్లో యాంగిల్ కాక్‌లు కారాయి, ఫ్లష్ ట్యాంకుల్లో రబ్బర్లు చేత్తో పట్టుకుంటే నల్లగా అంటుకున్నాయి, మా షవర్ లోంచి తుప్పు పెచ్చులు రాలాయి. క్రిములు చావాలి, పైపులు బతకాలి. ఎలా?

ప్లంబర్_ఖాదర్
అక్కా ముందు పైపులు ఏవో చెప్పండి. జీఐ (జింకు పూత ఇనుప పైపు) ఉందా, సీపీవీసీ, పీపీఆర్ లాంటి ప్లాస్టిక్కా? చాలా బిల్డింగుల్లో మోటరు నుంచి పైకెళ్లే లైను ఒక రకం, ఇళ్లల్లోది ఇంకో రకం ఉంటుంది.

నిజాంపేట_మాధవి
మోటరు నుంచి టెర్రస్ దాకా జీఐ. పైనుంచి దిగే లైన్లు యూపీవీసీ, బాత్రూముల్లో సీపీవీసీ. ట్యాపులు, కాక్‌లు ఇత్తడివి, పైన క్రోమ్ పూత. ఇద్దరికి సోలార్ హీటర్లు ఉన్నాయి. గీజర్లు, ఆర్వో అందరికీ ఉన్నాయి.

కెమిస్ట్రీ_టీచర్
బస్తా మొత్తం పోస్తే ఏమవుతుందో లెక్క చూద్దాం. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో పనిచేసే క్లోరిన్ సుమారు 33 శాతం. అంటే 25 కిలోల్లో 8 కిలోల పైచిలుకు. దాన్ని 20 వేల లీటర్లలో కలిపితే లీటరుకు 400 మిల్లీగ్రాములు దాటుతుంది. మనకి కావాల్సింది 50. ఎనిమిది రెట్లు ఎక్కువ, అదీ రెండు రాత్రులు! ఇత్తడి, జీఐ, రబ్బరు, ఏవీ తట్టుకోవు.

20 వేల లీటర్లకి లీటరుకు 50 మిల్లీగ్రాముల చొప్పున అంటే ఒక కిలో క్లోరిన్. పౌడర్ తాజాదైతే 3 కిలోలు, కాస్త పాతదై 25 శాతానికి పడిపోయి ఉంటే 4 కిలోలు. బస్తా విప్పి రెండు మూడు నెలలైతే, తేమ తగిలి గడ్డకడితే, అది వాడొద్దు. అందులో ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు.

ఇంకో సంగతి. పౌడర్‌లో సున్నం ఉంటుంది. ఎక్కువ వేసేకొద్దీ నీళ్ల పీహెచ్, అంటే క్షార గుణం, పెరుగుతుంది. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం దాకా గట్టిగా క్రిముల్ని చంపే రూపంలో ఉంటుంది, 8.5కి వెళ్తే పదో వంతే మిగులుతుంది. కాబట్టి ఎనిమిది రెట్లు వేసినంత మాత్రాన ఎనిమిది రెట్లు పని జరగదు, పైపుల మీద దెబ్బ మాత్రం పడుతుంది.

బాలానగర్_రాజు
మా దగ్గర ఎప్పుడూ బస్తాలతోనే పోస్తాం, ఇంతవరకు ఏమీ కాలేదు. మరీ టెన్షన్ పెట్టుకోకండి.

ప్లంబర్_ఖాదర్
రాజు అన్నా, మీది పూర్తి ప్లాస్టిక్ లైనై ఉంటుంది. సీపీవీసీకి క్లోరిన్‌తో గొడవ లేదు. దెబ్బ తగిలేది కీళ్ల దగ్గర. ఇత్తడి ఇన్సర్ట్, వాషరు, ఫ్లష్ వాల్వు డయాఫ్రమ్, గీజరు కింద స్టీలు జాలి పైపు. ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, బ్లీచింగ్ వేసిన రెండు వారాలకి ఫోన్లు మొదలవుతాయి. ఆ రోజే కారితే అందరికీ అర్థమయ్యేది. ఆలస్యంగా కారుతుంది కాబట్టి ప్లంబర్ పని బాలేదంటారు.

కరీంనగర్_రిటైర్డ్_ఏఈ
నేను నీటి సరఫరాలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాను. మాధవి గారూ, డోసు సంగతి తర్వాత. మురుగు ఎటు నుంచి వచ్చిందో చూశారా? దారి మూయకుండా ఎంత బ్లీచింగ్ వేసినా వచ్చే వానకి మళ్లీ ఇదే.

మూడు చోట్ల చూడండి. ఒకటి, సంపు ఓవర్‌ఫ్లో పైపు ఎక్కడ కలుస్తోంది? చాలామంది దాన్ని నేరుగా డ్రైనేజీ ఛాంబర్‌లో కలిపేస్తారు, ఛాంబర్ నిండితే అదే పైపులోంచి మురుగు వెనక్కి వస్తుంది. రెండు, సంపు మూత నేల మట్టానికి కింద ఉందా? మూడు, సంపు గోడకి డ్రైనేజీ లైను ఎంత దగ్గర? అనుమానం ఉంటే సంపు ఖాళీ చేసి, ఛాంబర్‌లో రంగు కలిపిన నీళ్లు పోసి చూడండి, పగులుంటే సంపు గోడ మీద మరక దిగుతుంది.

మెయిన్ లైనుకే నేరుగా మోటరు బిగించి లాగే వాళ్లున్నా అదే ప్రమాదం. సరఫరా లేని వేళ పైపు ఖాళీగా ఉంటుంది, లాగితే చుట్టూ ఉన్న మురుగంతా కారే కీళ్ల లోంచి లోపలికొస్తుంది.

నిజాంపేట_మాధవి
సర్, ఇప్పుడే వాచ్‌మన్‌తో వెళ్లి చూశాను. ఓవర్‌ఫ్లో పైపు నేరుగా డ్రైనేజీ ఛాంబర్ లోనే ఉంది. పదమూడేళ్లుగా ఎవరికీ తట్టలేదు. ఏడుపొచ్చింది నాకు.

కరీంనగర్_రిటైర్డ్_ఏఈ
బాధపడకండి అమ్మా, దొరికింది కదా. ఆ పైపు కోసేసి, నేలకి ఒక అడుగు పైన బయటికి వదిలేయండి. చివర దోమల జాలి కట్టండి. పైపుకీ డ్రైనేజీకీ మధ్య గాలి ఖాళీ ఉండాలి, మళ్లీ కలపొద్దు. రేపే చేయించండి.

బెజవాడ_సుబ్బు
2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మాది సింగ్‌నగర్. సంపు మీద ఆరడుగుల నీళ్లు నిలిచాయి, నాలుగైదు రోజులు. నీళ్లు తీశాక మేమూ మొదట చేసిన తప్పు ఏంటంటే బురద తీయకుండా బ్లీచింగ్ పోశాం. సాయంత్రానికి క్లోరిన్ వాసన కూడా లేదు, బురదే మింగేసింది. మళ్లీ ఖాళీ చేసి, అడుగున ఉన్న బురద చేటలతో ఎత్తి, గోడలు బ్రష్‌తో రుద్ది, అప్పుడు వేస్తే పనిచేసింది. మురికి ఉన్నంతసేపు క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది.

ప్లంబర్_ఖాదర్
సుబ్బు అన్న చెప్పింది నిజం. కానీ సంపులోకి మనిషిని దించేటప్పుడు జాగ్రత్త. రెండు మూతలూ తీసి, ఫ్యాన్ పెట్టి గంట గాలి ఆడనివ్వండి. మోటరు మెయిన్ తీసేయండి. పైన ఒకరు తాడు పట్టుకుని నిలబడాలి. లోపలివాడు స్పృహ తప్పితే ఇంకొకడు దిగొద్దు, ఇద్దరూ పోతారు. బ్లీచింగ్ వేశాక అసలే దిగొద్దు. టాయిలెట్ యాసిడ్‌తో గోడలు కడిగి దాని మీదే బ్లీచింగ్ చల్లే పిచ్చి పని కూడా చూశాను, ఆ వాయువుతో ఒకతను దగ్గి దగ్గి ఆసుపత్రిలో పడ్డాడు.

డల్లాస్_రవి
ఇక్కడ అమెరికా ప్లంబింగ్ కోడ్ ప్రకారం 50 పీపీఎం, అంటే లీటరుకు 50 మిల్లీగ్రాములు, వేసి 24 గంటలు ఉంచాలి, లేదా 200 వేసి 3 గంటలు. కాబట్టి మీ సెక్రటరీ గారు అనుకున్నంత మొరటుగా ఏమీ ఆలోచించడం లేదు. 200 వేసి మూడు గంటల్లో ముగించేస్తే సరిపోతుంది కదా?

లీడ్స్_శ్రీను
రవీ, ఇక్కడ ఇంగ్లండ్‌లో మేము 50 వేసి ఒక్క గంట నిలబెడతాం. గంట తర్వాత కొలిస్తే 30కి తగ్గకూడదు. తగ్గితే మళ్లీ మొదటి నుంచి. నేను బిల్డింగ్ సర్వీసెస్‌లో పనిచేస్తా, ఇది రోజూ చేసే పని.

డల్లాస్_రవి
ఒక గంటకీ 24 గంటలకీ ఇంత తేడానా? ఎవరిది కరెక్ట్?

లీడ్స్_శ్రీను
మీ కోడ్ ప్రధానంగా కొత్తగా వేసిన లైన్లు, మరమ్మతు చేసినవి వాడకంలోకి తెచ్చే ముందు చేసే పని కోసం. అక్కడ గీజరు, ఫిల్టరు, పాత వాషరు ఇంకా ఉండవు. మాధవి గారిది పదమూడేళ్ల పాత లైను, మనుషులున్న ఇళ్లు. అక్కడ 200 అంటే నేను ఒప్పుకోను. శుభ్రంగా కడిగిన ట్యాంకులో 50 వేసి, ప్రతి ట్యాపు దాకా చేరిందని నిర్ధారించుకుని, రెండు గంటలు నిలిపితే చాలు. ఎంత వేశాం అన్నదాని కన్నా ప్రతి మూలకీ చేరిందా అన్నదే ముఖ్యం. ఎవరూ ఉండని ఫ్లాట్లు, వాడని బాత్రూములు వదిలేస్తే అక్కడి నుంచే మళ్లీ మొదలు.

హాస్పిటల్_మెయింటెనెన్స్_వంశీ
శ్రీను గారు చెప్పిన వాడని బాత్రూముల మాట నాకు బాగా తెలుసు. 1976లో ఫిలడెల్ఫియా హోటల్లో జనం జబ్బుపడి చనిపోయాక బయటపడిన లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా ఇలాంటి కదలని గోరువెచ్చని నీళ్లల్లోనే పెరుగుతుంది. 20 నుంచి 45 డిగ్రీల మధ్య దానికి హాయి. మన ఎండాకాలంలో టెర్రస్ ట్యాంకు నీళ్లు ఎంత వేడెక్కుతాయో మీకు తెలుసు.

నేను ఇదివరకు చేసిన చోట రాగి పైపుల లూపుకి నెల నెలా ఎక్కువ డోసు వేసేవాళ్లు. రెండో ఏడాదికి సూది మొనంత రంధ్రాలు పడ్డాయి, సీలింగు లోంచి చుక్క చుక్కగా. ఎప్పుడో ఒకసారి గట్టి డోసు వేస్తే తట్టుకునే పైపు, అలవాటుగా వేస్తే తట్టుకోదు. వేడి నీళ్లల్లో క్లోరిన్ లోహాన్ని ఇంకా తొందరగా తింటుంది, పీపీఆర్, పెక్స్ లాంటి ప్లాస్టిక్కుని కూడా పెళుసు చేస్తుంది. అందుకే గీజర్లలోకి క్లోరిన్ నీళ్లు వెళ్లనివ్వకండి.

గచ్చిబౌలి_అనూష
గీజరు మూసేస్తే లోపలి మురుగు నీళ్లు అలాగే ఉంటాయి కదా వంశీ గారూ?

హాస్పిటల్_మెయింటెనెన్స్_వంశీ
ఉంటాయి. దానికి వేడి ఉంది. ముందు స్విచ్ తీసేసి చల్లారనిచ్చి, కింద డ్రెయిన్ విప్పి ఖాళీ చేయండి. లైన్లు శుభ్రమయ్యాక మంచి నీళ్లు నింపి, థర్మోస్టాట్ చివరిదాకా తిప్పి, 60 డిగ్రీలు దాటాక గంట ఉంచి, ఆ వేడి నీళ్లు షవర్ దాకా వదలండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు, కాలుతుంది. ఖాళీ గీజరు మాత్రం ఆన్ చేయకండి. సోలార్ హీటరు లోపలి స్టీలు ట్యాంకుకీ ఇదే పద్ధతి, క్లోరిన్ చూపించొద్దు.

కెమిస్ట్రీ_టీచర్
ఆర్వో కూడా. లోపలి పొర పాలీఅమైడ్, క్లోరిన్ తగిలితే దాని పని అయిపోయినట్టే. ముందున్న కార్బన్ ఫిల్టరు మామూలు నల్లా క్లోరిన్‌ని ఆపగలదు గానీ 50ని ఆపలేదు. ఇన్లెట్ కట్టేయండి. అయితే ఆ ఆర్వోలోకి ఇప్పటికే మురుగు నీళ్లు వెళ్లాయి కదా, సర్వీసు వాళ్లని పిలిపించి ఫిల్టర్లు మార్పించి, స్టోరేజీ ట్యాంకు కడిగించాకే తాగండి. సాఫ్ట్‌నర్ ఉంటే బైపాస్ చేయండి, రెజిన్ పాడవుతుంది.

టెర్రస్_తోట
మొక్కలకి ఆ నీళ్లు పోయొచ్చా? నా దగ్గర అరవై కుండీలున్నాయి.

కెమిస్ట్రీ_టీచర్
వద్దండి, వేర్లు మాడతాయి. బట్టలు కూడా నానబెట్టొద్దు, రంగు పోతుంది.

కొండాపూర్_ప్రసాద్
ఎస్టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంటు, ఉన్న వాళ్లకి ఒక మాట. మా కమ్యూనిటీలో క్లోరిన్ నీళ్లన్నీ ఒక్కసారిగా బాత్రూముల్లోంచి వదిలేశారు. ఎస్టీపీలో పనిచేసే బ్యాక్టీరియా చచ్చిపోయింది, మూడు వారాలు కంపు భరించాం. తర్వాతి సారి సంపులో, ట్యాంకులో మిగిలిన నీళ్లకి ఆక్వేరియం షాపుల్లో దొరికే హైపో, అదే సోడియం థయోసల్ఫేట్, కొంచెం కొంచెంగా కలిపి, కొలిచి క్లోరిన్ పోయిందని చూసుకున్నాకే వదిలాం. చెరువులోకి వెళ్లే నాలా పక్కనున్న వాళ్లు కూడా ఇది చేయాలి, చేపలు చస్తాయి.

బాలానగర్_రాజు
ఇంత రామాయణం ఎందుకు, యూవీ దీపం పెట్టించుకుంటే పోలా? మా బావమరిది వాళ్ల ఆఫీసులో పెట్టారు.

లీడ్స్_శ్రీను
యూవీ తన ముందు నుంచి వెళ్లే నీళ్లని మాత్రమే శుభ్రం చేస్తుంది రాజు గారూ. దాటి వెళ్లాక పైపు గోడకి అంటిన, క్రిములు దాక్కునే జిగురు పొరని ఏమీ చేయలేదు. ఇప్పుడు సమస్య ఆ పొరతోనే.

నిజాంపేట_మాధవి
ఈ చర్చంతా ప్రింట్ తీసి మీటింగులో చదివాను. సెక్రటరీ గారు బస్తా పక్కన పెట్టడానికి ఒప్పుకున్నారు. శనివారం చేస్తున్నాం. ఓవర్‌ఫ్లో పైపు ఈ రోజే కోయించాం. పౌడర్ నేరుగా సంపులో చల్లాలా, కలిపి పోయాలా?

కరీంనగర్_రిటైర్డ్_ఏఈ
నేరుగా చల్లొద్దు. ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు ముందు పోసి, తర్వాత పౌడర్ కొద్దికొద్దిగా వేసి కర్రతో కలపండి. అరగంట తేరనిచ్చి పైనున్న తేట నీళ్లే సంపులో పోయండి. అడుగున దిగే తెల్ల మడ్డి సున్నం, అది లైన్లలోకి వెళ్తే ట్యాపు జాలీలు, ఫ్లష్ వాల్వులు పూడుకుపోతాయి. గ్రామాల్లో మా వాళ్లు కొందరు ఈ మడ్డి కూడా పోసేసేవాళ్లు, తర్వాత వీధి కుళాయిలు విప్పుకుంటూ తిరిగేవాళ్లం. మూతికీ చేతులకీ రక్షణ పెట్టుకోండి.

సంపులో కలిపి, అదే నీళ్లని మోటరుతో పైకి ఎక్కించండి. మోటరు, జీఐ లైను, పై ట్యాంకు మూడూ ఒకే నీళ్లతో శుభ్రమవుతాయి, పైన మళ్లీ వేయక్కర్లేదు. పై ట్యాంకుకి దగ్గరగా ఉండే ఐదో అంతస్తుతో మొదలుపెట్టి కిందికి రండి. ప్రతి ట్యాపు క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. ట్యాపు చివర జాలీలు ముందే విప్పి పెట్టండి, తుప్పు పెచ్చులు అక్కడే ఇరుక్కుంటాయి. వాషింగ్ మెషిన్ కాక్ మూసేయండి. జీఐలో ఎక్కువసేపు నిలవ ఉంచొద్దు, టైము అవగానే కడిగేయండి.

నిజాంపేట_మాధవి
శనివారం మధ్యాహ్నం. పెద్ద సందేహం, ఎవరైనా వెంటనే చెప్పండి! క్లోరిన్ కొలిచే కిట్‌తో చూస్తే ఒక్క క్షణం గులాబీ రంగు వచ్చి మాయమైంది, నీళ్లు రంగు లేకుండా అయిపోయాయి. 4 కిలోలు వేశాం, క్లోరిన్ అస్సలు లేదనా? సెక్రటరీ గారు ఇంకో నాలుగు కిలోలు వేద్దామంటున్నారు.

కెమిస్ట్రీ_టీచర్
ఆగండి, వేయొద్దు! క్లోరిన్ మరీ ఎక్కువైతే ఆ రంగునే అది తినేస్తుంది. లేనట్టు కనబడుతుంది గానీ ఉంది. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ 19 పాళ్లు, మీ సంపు నీళ్లు ఒక పాలు కలిపి కొలవండి. వచ్చిన అంకెని 20తో గుణించండి.

నిజాంపేట_మాధవి
2.5 వచ్చింది. అంటే 50! థాంక్యూ మేడం, చేతులు వణికాయి. ఇప్పుడు పైకి ఎక్కిస్తున్నాం.

లీడ్స్_శ్రీను
చివర కింది అంతస్తులో అన్నిటికన్నా దూరంగా ఉన్న ట్యాపులో కూడా ఇలాగే కొలవండి. రెండు గంటల తర్వాత మళ్లీ. 30కి తగ్గకపోతే పాస్.

బెజవాడ_సుబ్బు
వాచ్‌మన్ గది ట్యాపు మర్చిపోకండి. మేము మర్చిపోయాం, వాళ్ల పిల్లలే మళ్లీ జబ్బుపడ్డారు.

నిజాంపేట_మాధవి
సుబ్బు గారూ, మీరు చెప్పకపోతే మేమూ మర్చిపోయేవాళ్లం. వాచ్‌మన్ గదితో పాటు పార్కింగులో కారు కడిగే ట్యాపు కూడా చేశాం. రెండు గంటల తర్వాత కింది అంతస్తులో 36. వెంటనే ఖాళీ చేసి, మంచి నీళ్లతో రెండుసార్లు కడిగాం. మొదటి పది నిమిషాలు గోధుమ రంగు నీళ్లు, జిగురు ముక్కలు కూడా వచ్చాయి. చూసిన వాళ్లందరికీ కడుపులో తిప్పింది. తర్వాత తేటగా వచ్చింది. ఇప్పుడు ట్యాపులో క్లోరిన్ లీటరుకు 0.5 మిల్లీగ్రాములు.

కరీంనగర్_రిటైర్డ్_ఏఈ
0.5 బాగుంది. మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ట్యాపులో కనీసం 0.2 ఉండాలి. అంతటితో నమ్మేయకండి, ఒక రోజు ఆగి నీళ్లు ల్యాబుకి ఇవ్వండి. క్లోరిన్‌ని విరిచే మందు ముందే వేసిన శుభ్రమైన సీసా ల్యాబు వాళ్లే ఇస్తారు. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలి, అంటే మలంలో ఉండే బ్యాక్టీరియా, ఒక్కటి కూడా కనబడకూడదు. ఫలితం వచ్చేదాకా తాగే నీళ్లు కాచుకోండి. ఇంట్లో చూసుకోవడానికి హెచ్‌టూఎస్ సీసాలు దొరుకుతాయి, నీళ్లు పోసి రెండు రోజులు వెచ్చగా ఉంచితే చాలు, నల్లబడితే మలినం ఉన్నట్టు.

గచ్చిబౌలి_అనూష
ఇక ముందు నెల నెలా 50 వేయాలా?

హాస్పిటల్_మెయింటెనెన్స్_వంశీ
వద్దండి. అదే మా దగ్గర రాగి పైపుల్ని తినేసింది. రోజూ ట్యాపులో 0.2 నుంచి 0.5 ఉండేలా చిన్న డోసు చాలు. ఆరు నెలలకోసారి ట్యాంకులు కడగండి. మళ్లీ మురుగు కలిస్తేనే, లేదా పెద్ద మరమ్మతు అయితేనే 50 మాట.

నిజాంపేట_మాధవి
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. ల్యాబు రిపోర్టు రెండుసార్లూ శుభ్రంగా వచ్చింది. మా అత్తగారు లేచి తిరుగుతున్నారు, మూడో అంతస్తు పాప స్కూలుకి వెళ్తోంది. నిన్న రాత్రి కుండపోత వాన పడింది, నేనూ సెక్రటరీ గారూ గొడుగేసుకుని వెళ్లి సంపు మూత తీసి టార్చి వేసి చూశాం. చుక్క మురుగు రాలేదు. కారింది 301లో ఒక్క యాంగిల్ కాక్ మాత్రమే, అది ముందు నుంచీ కారుతున్నదే.

ప్లంబర్_ఖాదర్
301ది స్పిండిల్ వాషరు మార్చండి అక్కా, చిన్న పని. మిగతా ఇళ్లల్లో కూడా రెండు వారాలు నిండేదాకా కాక్‌ల కింద టిష్యూ పేపరు పెట్టి చూసుకోమనండి, తడి తగిలితే తెలిసిపోతుంది. జాలీలు మళ్లీ బిగించారా?

నిజాంపేట_మాధవి
బిగించాం అన్నా. 502 వాళ్లది ఒకటి మిగిలింది, ఈ సాయంత్రం బిగిస్తాను.